డాలస్ మాకు ఉత్తరాన ఉంది

మా ఇంటికి పడమటి వాకిలి. సాయంత్రమైతే మా అమ్మ అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. ఆమెకి ఎనభై నాలుగేళ్లు. ఎదురుగా పొద్దు గుంకుతుంటే చూస్తూ, "ఇక్కడ గుంకి అక్కడ మన పిల్ల ఇంటి మీద పొడుస్తాడు" అంటుంది. పిల్ల అంటే నా కూతురు. డాలస్‌లో ఉంటుంది. అమెరికా పడమర దిక్కున ఉందని అమ్మకి చెప్పింది నేనే. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు సోషల్ మాస్టారుగా పిల్లలకి చెప్పిందీ అదే. గోడకి తగిలించిన పటం మీద మన దేశం నుంచి ఎడమ వైపుకి కర్ర జరుపుకుంటూ పోతే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్, ఆ తర్వాత అమెరికా.

2023 జూన్‌లో ఆ ప్రయాణం నేను స్వయంగా చేశాక ఆ మాట మార్చుకున్నాను. ఎలా మార్చుకున్నానో రాయాలనిపించింది. మొదటిసారి ఒంటరిగా అంత దూరం వెళ్లబోయే పెద్దవాళ్లకీ, వాళ్లకి టిక్కెట్లు కొనిపెట్టే పిల్లలకీ ఇందులో కొంత పనికొస్తుంది.

అమ్మాయి పురిటికని మా ఆవిడ ఏప్రిల్‌లోనే వెళ్లింది, తోడు దొరికితే వాళ్లతో కలిసి. అమ్మని చూసుకోవడానికి మా చెల్లెలు వచ్చి ఉండడానికి వీలయ్యేది జూన్ నుంచే. అందుకని నేను వెనక, ఒక్కణ్ణే. విమానం ఎక్కడమే నాకు అది రెండోసారి. మొదటిసారి గన్నవరం నుంచి ఢిల్లీ.

గుంటూరులో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు చోట్ల ఆగే టిక్కెట్టు చూపించి, "దూరం ఎటు తిరిగినా ఒకటే కదండీ మాస్టారూ, ఇరవై వేలు మిగులుతుంది" అన్నారు. మొత్తం ముప్పై నాలుగు గంటలు. రెండో మజిలీ అమెరికాలోనే, అక్కడ విమానం మారడానికి ఉన్న వ్యవధి గంటా పది నిమిషాలు. ఇంటికి వచ్చి అమ్మాయికి ఫోన్‌లో చెప్తే, "వద్దు నాన్నా" అంది వెంటనే. అమెరికాలో ఏ ఊళ్లో ముందు దిగితే అక్కడే ఇమిగ్రేషన్ జరుగుతుంది, అక్కడే సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి, ఆ తర్వాత మళ్లీ సెక్యూరిటీ. గంటా పది నిమిషాల్లో అవన్నీ అయ్యే పని కాదని చెప్పింది. ఆ ఏజెంటు నాకీ మాట చెప్పలేదు. ఇరవై వేలు చాలా డబ్బే, కాదనను. కానీ తెలియని ఊళ్లో, భాష సరిగ్గా పలకని మనిషి, విమానం తప్పిపోయి నిలబడితే ఆ ఇరవై వేలు ఏమూలకి?

అయితే ఆయన అన్న "దూరం ఎటు తిరిగినా ఒకటే" అనే మాట నన్ను వదల్లేదు. ఒకటే ఎలా అవుతుంది?

రిటైరైన రోజున స్కూలు వాళ్లు ఇచ్చిన గ్లోబు ఒకటి ఇంట్లో ఉంది. అడ్డంగా 30 సెంటీమీటర్లు. అంటే చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి, గ్లోబు మీద ఒక సెంటీమీటరు 425 కిలోమీటర్లు. పూలు కట్టే దారం తీసుకుని హైదరాబాద్ దగ్గర ఒక కొస అదిమిపట్టి, రెండో కొస డాలస్ మీదికి లాగాను. మొదట పటంలో ఉన్నట్టే పడమరగా, అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పెట్టాను. దారం వదులుగా ఉండిపోయింది. బిగిస్తే జారి పైకి పోతోంది. మళ్లీ కిందికి దించాను, మళ్లీ జారింది. మూడోసారి దాని మానాన దాన్ని వదిలేసి రెండు కొసలూ బిగించాను. దారం కజకిస్థాన్, సైబీరియాల మీదుగా సరాసరి పైకి పోయి, ఉత్తర ధ్రువం దగ్గర గ్లోబు ఇరుసుని దాదాపు తాకుతూ, అటుపక్క కెనడా మీదుగా దిగి డాలస్ చేరింది. కొలిస్తే 34 సెంటీమీటర్లు.

కాసేపు అలా దారం పట్టుకునే కూర్చున్నాను. ఆ తర్వాత కాగితం తీశాను. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. డాలస్ 33 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పడమర. రేఖాంశాల తేడా 175. అంటే ఇంచుమించు 180. భూగోళానికి మనమున్న పక్కకి సరిగ్గా అవతలి పక్కన డాలస్ ఉందన్నమాట. అలా ఎదురెదురుగా ఉన్న రెండు ఊళ్లకి దగ్గర దారి ధ్రువం మీదుగానే ఉంటుంది. అలాంటప్పుడు లెక్క కూడా ఎనిమిదో తరగతి పిల్లలు చేసేదే. హైదరాబాద్ నుంచి ధ్రువానికి 90లో 17 పోగా 73 డిగ్రీలు. ధ్రువం నుంచి డాలస్‌కి 90లో 33 పోగా 57. కలిపితే 130. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 14,430 కిలోమీటర్లు. దారం చెప్పింది 14,450. పటం మీద నేను కర్రతో చూపించే దారిన, అంటే నేరుగా పడమరకి పోతే 17,600 దాటుతుంది. మూడు వేల కిలోమీటర్ల పైన తేడా.

తప్పు పటానిది కూడా కాదు. పటాలు గీసే మెర్కేటర్ అనే ఆయన 1569లో ఆ పటం గీసింది ఓడలు నడిపేవాళ్ల కోసం. దిక్సూచి ఒకే కోణంలో పెట్టుకుని పోయే నావికుడికి ఆ దారి సరళరేఖగా కనిపించాలి, అంతే ఆయన ఉద్దేశం. అందుకోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ భూమిని సాగదీశాడు. ఆ పటంలో గ్రీన్‌ల్యాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు పెద్దది. ఈ ముక్క నేను పాఠంలో చెప్పేవాణ్ణే. దాన్నుంచి అమెరికా దిక్కు కూడా మారుతుందని మాత్రం ఏనాడూ తట్టలేదు. ఒక ఏడాది తొమ్మిదో తరగతి కుర్రాడొకడు, అమెరికా వెళ్లే విమానాలు పటంలో విల్లులా వంగి పైకి ఎందుకు వెళ్తాయని అడిగాడు. కింద సముద్రం లేకుండా చూసుకుంటారేమోరా అన్నాను. ఆ సమాధానం తప్పు. ఆ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో తెలిస్తే దారం, గ్లోబు పట్టుకెళ్లి చూపించాలని ఉంది.

మరి హైదరాబాద్ నుంచి నేరుగా ధ్రువం మీదుగా విమానం ఎందుకు లేదు? ఇప్పుడు ప్రపంచంలో ఆగకుండా పోయే విమానాల్లో అన్నిటికంటే దూరం వెళ్లేది సింగపూర్–న్యూయార్క్, దాదాపు 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిదిన్నర గంటల పైనే. మన 14,430 దానికి ఎంతో దూరంలో లేదు. అంత దూరం పోగల విమానాలు తక్కువ, మోసుకెళ్లాల్సిన ఇంధనం ఎక్కువ. ధ్రువం మీద ఇంకో చిక్కు, చలి. విమానంలో వాడే ఇంధనం రకాన్ని బట్టి మైనస్ 40, మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అక్కడ అంత ఎత్తున బయటి గాలి అంతకంటే చల్లగా ఉంటుంది. ఏదైనా అయితే దిగడానికి విమానాశ్రయాలూ అరుదు. అయినా వెళ్లినవాళ్లున్నారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా మొదటి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడుపుకొచ్చారు. దాదాపు పదిహేడు గంటలు పట్టింది. నేను ఆ రోజుల్లో ఆ వార్త చదివి సంతోషించాను గానీ, ధ్రువం మీదుగా ఎందుకొచ్చారని ఆలోచించలేదు.

నేరుగా లేదు కాబట్టి ఒక్కచోటే ఆగే దారి వెతికాం. దోహా మీదుగా దారం పెట్టి చూశాను. హైదరాబాద్ నుంచి దోహాకి ఏడు సెంటీమీటర్లకి కాస్త తక్కువ, అక్కడి నుంచి డాలస్‌కి 30. కలిపితే 15,650 కిలోమీటర్ల చిల్లర. నేరు దారి కంటే 1,200 మాత్రమే ఎక్కువ. రెండో విమానం సరాసరి డాలస్‌లోనే దింపుతుంది, ఇమిగ్రేషన్ అక్కడే, బయట అల్లుడు ఉంటాడు. ఆ టిక్కెట్టే తీసుకున్నాం.

టిక్కెట్టు వచ్చాక మా చెల్లెలు చూసి, "తెల్లవారుజామున 3:45కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4:20కి చేరతావా అన్నయ్యా? పన్నెండున్నర గంటలేగా!" అంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. టిక్కెట్టు మీద వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. పన్నెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకి ఈ పదిన్నర కలిపితే ఇరవై మూడు గంటల అయిదు నిమిషాలు. అదీ అసలు ప్రయాణం. తిరిగి వచ్చేటప్పుడు కలపకూడదు, తీసెయ్యాలి. ఇంకో సంగతి, టిక్కెట్టు మీది గంటలంటే గాల్లో ఉండే గంటలే కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదలడం మొదలు, అవతల దాని చోటికి చేరి ఆగేదాకా.

దూరం తెలిస్తే టైము ఉజ్జాయింపుగా మనమే వేసుకోవచ్చు. కిలోమీటర్లని 850తో భాగించి, ఎక్కడం దిగడాలకి ఒక అరగంట కలపాలి. దోహా–డాలస్ 12,750కి పదిహేనున్నర గంటలు వచ్చింది. టిక్కెట్టు మీద 16 గంటల 10 నిమిషాలు ఉంది. మిగతా నలభై నిమిషాలు ఏమిటో విమానంలో తెలిసింది.

ముందు రోజు సాయంత్రం అయిదింటికి తెనాలిలో కారెక్కాను. అమ్మ సున్నుండల డబ్బా చేతికిచ్చి, "దానికి నువ్వే తినిపించు" అంది. గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా శంషాబాద్ చేరేసరికి రాత్రి పదకొండు. మూడు వందల కిలోమీటర్లకి ఆరు గంటలు. ఆ తర్వాత దోహా దాకా 2,900 కిలోమీటర్లకి నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలు. దోహాలో రెండున్నర గంటల వ్యవధి. అమెరికా వెళ్లేవాళ్లకి గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉంటుంది కాబట్టి, ఆ రెండున్నర గంటల్లో నేను కాఫీకి కూడా ఆగలేదు. ముందు గేటు వెతుక్కుని, అక్కడికి వెళ్లి కూర్చున్నాక ఊపిరి పీల్చుకున్నాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టిక్కెట్టు కొన్నప్పుడే వీల్‌చెయిర్ అడిగిపెట్టుకోవడం మంచిది. నడక దూరం చాలా ఉంటుంది.

దోహాలో ఉదయం 8:10కి బోయింగ్ 777 కదిలింది. ఎదుటి సీటు వెనకున్న స్క్రీన్ మీద సినిమాలూ పాటలూ చాలా ఉన్నాయి. నేను పదహారు గంటలూ పెట్టుకున్నది ఒక్క మ్యాపే. పక్క సీటులోని కుర్రాడు, ఖమ్మం నుంచి చదువుకోవడానికి వెళ్తున్నాడు, "అంకుల్, బోర్ కొట్టట్లేదా?" అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి తనూ ఆ మ్యాపే పెట్టుకున్నాడు.

విమానం పడమరకి తిరగలేదు. వాయవ్యానికి తిరిగి పైకి ఎక్కుతూ పోయింది. ఇరాక్, టర్కీ, నల్ల సముద్రం, రుమేనియా, పోలండ్. ఎత్తు 32,000 అడుగులు. కొన్ని గంటలకి 34,000. తర్వాత 36,000, చివర్లో 38,000. ఒకేసారి అంత ఎత్తుకి ఎందుకు వెళ్లదని ఎయిర్‌హోస్టెస్‌ని అడిగితే, ఓపిగ్గా, "ఇంధనం బరువు సర్" అంది. ఈ విమానం ట్యాంకుల్లో లక్షా ఎనభై వేల లీటర్ల దాకా పడుతుందట. అంత బరువుతో ఎత్తుకి ఎక్కలేదు. కాలుస్తూ తేలికవుతున్న కొద్దీ మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ఎత్తులన్నీ సరి అంకెలే కావడం కూడా ఊరికే కాదు. పడమటి వైపు వెళ్లే విమానాలకి సరి వేలు, తూర్పు వైపు వెళ్లేవాటికి బేసి వేలు. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు ఒకే ఎత్తులో ఉండకుండా పెట్టుకున్న ఏర్పాటు. తిరుగు ప్రయాణంలో 33, 35, 37 వేలు చూసి నిజమేనని తృప్తిపడ్డాను.

స్క్రీన్ మీద వేగం 810, 830 దగ్గరే ఆడుతోంది. గాలిలో విమానం వేగం దాదాపు 900. ఎదురుగాలి ఆ తేడాని తినేస్తోంది. మన అక్షాంశాలకి పైన, విమానాలు ఎగిరే ఎత్తులోనే పడమర నుంచి తూర్పుకి పెద్ద గాలి ఏరులా ప్రవహిస్తుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో గంటకి 200, 300 కిలోమీటర్ల వేగం కూడా అందుకుంటుంది. టిక్కెట్టు మీద ఎక్కువగా కనిపించిన నలభై నిమిషాలు ఆ గాలివే.

కాళ్ల గురించి ఒక మాట. డాక్టరు చెప్పినట్టే మోకాలి దాకా బిగుతు సాక్సులు వేసుకుని, రెండు గంటలకోసారి లేచి వెనక్కీ ముందుకీ నడిచాను. అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నడకకి వీలుగా ఉంటుందని నడవా పక్క సీటు అడిగి తీసుకున్నాను. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు ఊటీ కొండ మీద ఉన్నట్టుంటుంది, తేమ మాత్రం ఊటీలో ఉన్నట్టు కాదు, గొంతు ఎండిపోతుంది. దాహం వేసినా వెయ్యకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలి.

నడవడానికి వెళ్లినప్పుడే గ్రీన్‌ల్యాండ్ చూశాను. అందరూ కిటికీలు మూసుకుని నిద్రపోతున్నారు. వెనక తలుపుకి ఉన్న చిన్న కిటికీలోంచి వంగి చూస్తే, కింద తెల్లటి మంచు, దాన్ని చీల్చుకుని నల్లటి కొండ కొమ్ములు, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నీలం పాయలు. ముప్పై ఒక్క ఏళ్లు కర్ర కొసతో తాకిన చోటు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాఠం చెప్పినప్పుడు పిల్లలకి ఇది చూపించగలిగి ఉంటే బాగుండేది అనిపించింది. ఖమ్మం కుర్రాణ్ణి నిద్రలేపి తీసుకొచ్చి చూపించాను. విసుక్కోలేదు. ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాడు.

బయట ఎండ. అప్పటికి ఎనిమిది గంటలు ఎగిరాం, ఇంకా ఎండే. దిగేదాకా చీకటి పడనే లేదు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమి గంటకి 830 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతుంది. మేమూ ఇంచుమించు అంతే వేగంతో పడమరకి పోతున్నాం. సూర్యుడు మాతో పాటే వస్తున్నట్టు, ఆకాశంలో దాదాపు ఉన్నచోటే ఉండిపోయాడు. పదహారు గంటల ప్రయాణంలో స్థానిక గడియారం ప్రకారం గడిచింది ఎనిమిది గంటలే.

కెనడా మీదుగా దిగుతూ సాయంత్రం నాలుగుంబావుకి డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో నేల తాకాం. న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ దీవి కంటే ఈ విమానాశ్రయం స్థలం పెద్దది. ఇమిగ్రేషన్ ఆఫీసరు ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు అని రెండే ప్రశ్నలు అడిగాడు. ఇంటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆరున్నర. తెనాలిలో అప్పుడు మర్నాటి తెల్లవారుజాము అయిదు. గుమ్మం నుంచి గుమ్మానికి ముప్పై ఆరు గంటలు. మా ఆవిడ పసిపిల్లని నా చేతుల్లో పెట్టింది. నిలబడలేక సోఫాలో కూర్చున్నాను. అలసటో, ఇంకేమిటో.

నిద్ర కుదుటపడడానికి పది రోజులు పట్టింది. శరీరం రోజుకి ఇంచుమించు ఒక గంట చొప్పున సర్దుకుంటుందంటారు. నా విషయంలో అది సరిపోయింది. ఆ పది రోజుల్లోనే, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి పెరట్లోకి వెళ్లినప్పుడు ధ్రువ నక్షత్రం కోసం వెతికాను. ఎప్పుడూ చూసే ఎత్తులో లేదు. తల ఇంకా ఎత్తాల్సి వచ్చింది. ఒక చోట ధ్రువుడు ఎంత ఎత్తున కనిపిస్తే ఆ చోటి అక్షాంశం అంత. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే దాని ఎత్తు సుమారు పది డిగ్రీలు. తెనాలిలో నేలంచు నుంచి ధ్రువుడు ఒకటిన్నర పిడికిళ్ల పైన ఉంటాడు. ఇక్కడ పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ పోతే మూడు దాటింది. గ్లోబు మీద దారం చెప్పిందీ, కాగితం మీద లెక్క చెప్పిందీ ఇప్పుడు నా చేత్తో కొలిచాను. తెనాలి 80 డిగ్రీల తూర్పున ఉంటుంది కాబట్టి హైదరాబాద్ కంటే ఇంకా సరిగ్గా డాలస్‌కి ఎదురుగా ఉంది. తెనాలిలో నిలబడి డాలస్ ఎటు అంటే ధ్రువ నక్షత్రం వైపు వేలు చూపించాలి. డాలస్‌లో నిలబడి తెనాలి ఎటు అన్నా అంతే. తేడా ఉంటే మూడు డిగ్రీలు.

సెప్టెంబరు ఆఖరి వారంలో మా ఆవిడా నేనూ తిరుగు ప్రయాణమయ్యాం. సోమవారం సాయంత్రం ఆరున్నరకి విమానం. ఈసారి స్క్రీన్ మీద గ్రీన్‌ల్యాండ్ రాలేదు. న్యూయార్క్ పక్కగా అట్లాంటిక్ మీదికి వెళ్లింది. వెళ్లేటప్పుడు తప్పించుకున్న గాలినే వచ్చేటప్పుడు వెతుక్కుని ఎక్కుతారు. వేగం 1,060 చూపించింది. విమానం వేగం పెరిగి కాదు, దాన్ని మోసే గాలి కదులుతోంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి అయిదు గంటల లోపే చేరింది. మాకు దోహా దాకా 14 గంటల 25 నిమిషాలు పట్టింది. వెళ్లినప్పటి కంటే గంటా ముప్పావు తక్కువ. దోహాలో విమానం మారి హైదరాబాద్‌లో దిగేసరికి బుధవారం వేకువ 2:10. టిక్కెట్టు మీద ఈ తేదీ సరిగ్గా చూసుకోవాలి. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు మంగళవారం రాత్రి బయలుదేరాలి, బుధవారం రాత్రి కాదు. మా బావగారు ఒక రోజు ఆలస్యంగా లెక్కవేసుకుంటే ముందే ఫోన్ చేసి సరిచేశాను.

మర్నాడు సాయంత్రం అమ్మ యథాప్రకారం అరుగు మీద కూర్చుంది. ఫోన్‌లో మునిమనవరాలి ఫొటోలు ఒక్కొక్కటీ రెండేసి సార్లు చూసింది. చీకటి పడ్డాక, "లోపలికి కాదమ్మా, ఇటు రా" అని ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి ఉత్తరం పక్కకి తీసుకెళ్లాను. అక్కడ ఖాళీ స్థలం, దాని అవతల నిమ్మతోట. ఆకాశం అంచుదాకా కనిపిస్తుంది. కుర్చీ ఉత్తరం వైపు తిప్పి వేశాను.

"నీకు తప్పు దిక్కు చెప్పానమ్మా ఇన్నాళ్లూ. పిల్ల పడమర లేదు. అదుగో, అటు."

"ధ్రువుడా?" అంది. అమ్మకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. చూపు బాగానే ఉంది. నిమ్మచెట్ల పైన ఒంటరిగా ఉన్న చుక్కని తనే పట్టుకుంది. "పెళ్లిలో మీ నాన్నతో కలిసి చూశాను. అరుంధతిని చూపించి, దీన్నీ చూపించారు."

"ఆ చుక్క కిందుగా పోతూనే ఉంటే, భూమి అవతలి పక్క, పిల్ల ఇల్లు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "అక్కడ దానికీ ఇదే చుక్క కనబడుతుందా?"

"ఇదే. అక్కడ ఇంకాస్త పైన ఉంటుంది."

"అయితే అది ఈ చుక్కకేసి చూస్తే మనకేసి చూసినట్టేనా?"

అవునన్నాను.

"ఫోన్ చేసి చెప్పు దానికి."

"అక్కడ ఇప్పుడు పొద్దున్న తొమ్మిదమ్మా. చుక్కలుండవు."

"రాత్రికి చూడమను. పిల్లని ఎత్తుకుని చూడమను."

ఫోన్ చేశాను.